చెయ్యి మొద్దుబారకముందే చెప్పాల్సిన మాటలు

మణికట్టు విరిగింది. ఎక్స్‌రే చూసిన ఎముకల డాక్టరు ప్లేటు వెయ్యాలన్నారు. పూర్తి మత్తు అక్కర్లేదు, మెడ పక్కన సూది వేసి చెయ్యి ఒక్కటే మొద్దుబారుస్తాం అని కూడా చెప్పారు. అక్కడ తలూపి వచ్చేశారు. ఇంటికి రాగానే అనుమానాలు మొదలు. మెలకువగా ఉండగానే కోస్తారా? మధ్యలో మత్తు దిగిపోతే? మందు ఎక్కువైతే ఏమవుతుంది? ఈ ప్రశ్నలు ఎవర్ని అడగాలి?

భిలాయి పక్కన రిసాలిలో ఉంటున్న తెలుగువాళ్లకు ఇంకో చిక్కు కూడా ఉంది. ఉక్కు కర్మాగారంలో పనికోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబాల్లో పిల్లలకు హిందీ మంచినీళ్ల ప్రాయం. ఊరి నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉంటున్న అమ్మకో, నాయనమ్మకో అలా కాదు. బజారులో బేరమాడేంత హిందీ వస్తుంది. ఆపరేషన్ బల్ల మీద పడుకుని ‘నాకిలా అవుతోంది’ అని చెప్పేంత రాదు. సెక్టర్ 9లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రికి వెళ్లినా, రాయపూర్ ఎయిమ్స్‌కు వెళ్లినా, వీధి చివరి నర్సింగ్ హోమ్‌కు వెళ్లినా ఆ చిక్కు మారదు.

ధైర్యంగా ఉండండి. చేతికి మాత్రమే మత్తు ఇచ్చే ఈ పద్ధతికి వందేళ్లు దాటాయి. చర్మం మీంచి సూదితో ఆ నరాలను మొద్దుబార్చడం 1911లోనే జర్మనీలో మొదలైంది. ఇప్పుడు చాలాచోట్ల అల్ట్రాసౌండ్ తెర మీద నరాన్ని చూస్తూ మందు వేస్తున్నారు. మందు ఎంత ఇవ్వాలన్నది మత్తు డాక్టరు లెక్క, మనం వేలు పెట్టాల్సిన చోటు కాదు. అయితే ఆ లెక్కలోకి వెళ్లే అంకెలు కొన్ని మీ నోటి నుంచే రావాలి. అవి తప్పు చెబితే డాక్టరు లెక్క ఎంత బాగా వేసినా జవాబు తప్పే వస్తుంది. అందుకే ఈ అధ్యాయమంతా మీరు ఏం చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అన్నదాని గురించే.

1. బరువు తూచి చెప్పండి, ఊహించి చెప్పకండి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. అందుకే ఇక్కడ కాసేపు ఆగుదాం.

ఈ మత్తుమందులకు ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దును మనిషి బరువును బట్టి లెక్కిస్తారు. ఎక్కువగా వాడే బుపివకైన్‌కు కిలోకు సుమారు 2 మిల్లీగ్రాములు. రోపివకైన్‌కు 3. లిగ్నోకైన్ ఒక్కటే అయితే 3 నుంచి 4.5 దాకా, దానికి అడ్రినలిన్ కలిపితే 7. పుస్తకానికీ పుస్తకానికీ కొద్దిగా తేడా ఉంటుంది కానీ బరువుతో గుణించడం మాత్రం అన్నిటిలోనూ ఉంది.

ఇప్పుడు ఒక సందర్భం చూడండి. డెబ్బై దాటిన తల్లి స్నానాల గదిలో జారిపడింది. ఆసుపత్రిలో బరువెంత అని అడిగితే కొడుకు ‘అరవై ఉంటుందండీ’ అన్నాడు. అది ఆవిడ ఆరోగ్యంగా తిరిగిన రోజుల నాటి బరువు. షుగర్ వచ్చాక, పళ్లు పోయాక, తిండి తగ్గాక ఆవిడ ఇప్పుడు 45 కిలోలే. అరవై అనుకుంటే హద్దు 120 మిల్లీగ్రాములు. బుపివకైన్ 0.5 శాతం సీసాలో ఒక మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాముల మందు ఉంటుంది కాబట్టి అది 24 మిల్లీలీటర్లు. నిజం బరువుకైతే హద్దు 90 మిల్లీగ్రాములు, 18 మిల్లీలీటర్లు. కొడుకు ఏ చెడు ఉద్దేశంతోనూ చెప్పని ఆ ఒక్క మాట వల్ల హద్దు మీద మూడో వంతు మందు ఎక్కువ పడే అవకాశం వచ్చింది. చిన్న ఆకారం, పెద్ద వయసు ఉన్నవాళ్ల దగ్గరే ఈ తేడా ప్రమాదకరం.

మరి ఏం చెయ్యాలి? నడవగలిగితే ఆసుపత్రి కాటా మీద నిలబెట్టమని అడగండి. పిండికట్టు వేసి ఉంటే ఆ సంగతి చెప్పండి, దాని బరువు తీసేస్తారు. చిన్నపిల్లలైతే మీరు ఎత్తుకుని ఒకసారి, ఒంటరిగా ఒకసారి తూగి తీసివెయ్యండి. నిలబడలేని పెద్దవాళ్లయితే ‘తూచలేదు, ఇది అంచనా మాత్రమే’ అని స్పష్టంగా చెప్పండి. అంచనా అని తెలిస్తే డాక్టరు తక్కువ వైపే నిలబడతారు. అంచనాను నిజంలా చెప్పడమే ఇక్కడ అసలు పొరపాటు. ఇంకో సంగతి, బాగా లావుగా ఉన్నవాళ్లకు కాటా మీది అంకెతో నేరుగా గుణించరు. ఎత్తుకు తగ్గ బరువెంతో చూసి ఆ మేరకే ఇస్తారు. అందుకని ఎత్తు కూడా తెలుసుకుని ఉండండి.

‘ఎన్ని సీసీలు ఇచ్చారు’ అని పక్కవాళ్లతో పోల్చుకునే అలవాటు ఉంటే మానుకోండి. పప్పులో నీళ్లెన్ని పోశారన్నది కాదు, ఉప్పెంత వేశారన్నది చూడాలి. అదే బుపివకైన్ 0.25 శాతంగా పలచన చేస్తే 36 మిల్లీలీటర్లలో ఉండేది కూడా ఆ 90 మిల్లీగ్రాములే. శాతాన్ని పదితో గుణిస్తే మిల్లీలీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో వస్తుంది. 2 శాతం లిగ్నోకైన్ అంటే 20. ఈ చిన్న లెక్క తెలిసి ఉంటే డిశ్చార్జి కాగితం చదివినప్పుడు కంగారు పడరు.

2. మందుల సంచి మొత్తం పట్టుకెళ్లండి

‘బీపీ మాత్ర వేసుకుంటారు’ అంటే చాలదు. ఏ మాత్ర, ఎంత, చివరిసారి ఎప్పుడు? రక్తం పలచబడటానికి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటివి వాడుతుంటే సూది ఎక్కడ వెయ్యాలన్న నిర్ణయమే మారవచ్చు. మెడ దగ్గర లోతుగా వెళ్లే సూదికీ, చంక దగ్గర పైపైన వేసే సూదికీ రక్తస్రావం విషయంలో తేడా ఉంది. ఎవరో చెప్పారని ఆ మాత్రలు మీరే మానెయ్యకండి. గుండెకు స్టెంట్ వేసినవాళ్లు అలా మానితే చేతి ఆపరేషన్ కన్నా పెద్ద ముప్పు తెచ్చుకున్నట్లే.

కాలేయం, గుండె, కిడ్నీ జబ్బులుంటే తప్పకుండా చెప్పండి. ఈ మందులను విరిచి బయటికి పంపేది ప్రధానంగా కాలేయం. అది నీరసించినా, గుండె నుంచి దానికి రక్తం సరిగా అందకపోయినా మందు ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. డయాలసిస్ కోసం చేతిలో ఫిస్టులా పెట్టించుకునేవాళ్లకు తరచూ ఈ చేతి మత్తుతోనే ఆపరేషన్ చేస్తారు. వాళ్ల నరాల గురించి, మోతాదు గురించి డాక్టర్లు ముందే జాగ్రత్త పడతారు. మీ పని ఏ రిపోర్టూ దాచకపోవడమే. ఏళ్లుగా షుగర్ ఉండి కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కుతుంటే అది కూడా ముందే చెప్పండి. అలాంటి నరాలు తక్కువ మందుకే లొంగుతాయి, మొద్దుబారడం ఎక్కువసేపు ఉండవచ్చు. ముందే ఉన్న తిమ్మిరి కాగితం మీదికి ఎక్కకపోతే, తర్వాత అది సూది వల్లే వచ్చిందని అందరూ అనుకుంటారు.

అందరూ మరిచిపోయేది ఇంకొకటి. ఆరోజే మరోచోట మత్తు సూది పడిందా? ఉదయం చిన్న క్లినిక్‌లో గాయానికి కుట్లు వేస్తూ లిగ్నోకైన్ ఇచ్చారు, సాయంత్రం పెద్దాసుపత్రికి వచ్చారు. ఈ మందులు ఒకదాని పక్కన ఒకటి విడివిడిగా లెక్కలోకి రావు, కలిసి పనిచేస్తాయి. లిగ్నోకైన్ హద్దులో సగం, బుపివకైన్ హద్దులో సగం పడితే మొత్తం హద్దు చేరినట్లే అనుకోవాలి. కాబట్టి ఆ ఉదయపు సూది సంగతి టైముతో సహా చెప్పండి.

3. ఊపిరి సంగతి దాచకండి

భిలాయిలో ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలి. కోక్ ఓవెన్ల దగ్గర, సింటర్ ప్లాంటులో ఏళ్ల తరబడి పనిచేసి రిటైరైన పెద్దలు ఎందరో మన వీధుల్లో ఉన్నారు. మెట్లెక్కితే ఆయాసం. అడిగితే ‘అదంతా మామూలేనమ్మా’ అంటారు. మామూలు కాదు. భుజం ఆపరేషన్ కోసం మెడ దగ్గర వేసే సూది మందు, పక్కనే ఉన్న మరో నరం మీదికి కూడా పాకుతుంది. ఆ నరమే ఆ పక్క డయాఫ్రం కండరాన్ని ఆడించి ఊపిరి తీయిస్తుంది. ఆరోగ్యవంతుడికి కొన్ని గంటలు ఒక పక్క ఊపిరి తగ్గినా తెలియదు. ఊపిరితిత్తులు ముందే దెబ్బతిన్నవాడికి అది పెద్ద కష్టం.

మోతాదు ఎంత తేడా తెస్తుందో చూడండి. 2008లో టొరంటో వైద్యులు అల్ట్రాసౌండ్ సాయంతో భుజం ఆపరేషన్ రోగుల్లో కొందరికి 20 మిల్లీలీటర్లు, కొందరికి 5 మిల్లీలీటర్లు మాత్రమే ఇచ్చి చూశారు. 20 పడిన వాళ్లందరికీ ఆ పక్క డయాఫ్రం తాత్కాలికంగా మొద్దుబారింది. 5 పడినవాళ్లలో సగానికన్నా తక్కువమందికే అలా అయింది. నొప్పి తగ్గడంలో మాత్రం తేడా కనబడలేదు. ఇంత ముఖ్యమైన నిర్ణయం ‘ఆయాసం ఉందా’ అన్న ప్రశ్నకు నాన్నగారిచ్చే జవాబు మీద ఆధారపడుతుంది. ఆయన మొహమాటపడితే మీరు చెప్పండి. రెండంతస్తులు ఆగకుండా ఎక్కగలరా, రాత్రి తల కింద ఎన్ని దిండ్లు పెట్టుకుంటారు, ఇన్‌హేలర్ ఉందా, బీడీ ఎప్పుడు మానారు? ఇవన్నీ తెలిస్తే మోచెయ్యి, అరచెయ్యి ఆపరేషన్లకు మెడ జోలికి పోకుండా చంక దగ్గరే సూది వేసే మార్గం కూడా డాక్టరు ఆలోచిస్తారు.

4. ‘మత్తు పడదు’ అనే ముందు ఏం జరిగిందో చెప్పండి

పన్ను పీకించుకున్నప్పుడు గుండె దడదడలాడిందని, ఒళ్లు వణికిందని, అప్పట్నుంచి ‘నాకు మత్తు సూది పడదు’ అని చెప్పుకునేవాళ్లు చాలామంది. చాలాసార్లు అది మందులో కలిపిన అడ్రినలిన్ పని, లేదా భయం. ఈ మందులకు నిజమైన ఎలర్జీ చాలా అరుదు. ‘పడదు’ అని ఒక్క మాటతో తేల్చేస్తే మంచి మందు ఒకటి అనవసరంగా దూరమవుతుంది. దద్దుర్లు వచ్చాయా, మొహం వాచిందా, ఊపిరి అందలేదా, ఎంతసేపటికి వచ్చింది? అంతవరకు చెప్పి ఊరుకోండి. తేల్చేపని డాక్టరుది.

5. ముందురోజు రాత్రి, ఆ ఉదయం

‘చేతికే కదా మత్తు, ఇడ్లీ తింటే ఏమవుతుంది?’ అవుతుంది. సూది సరిగా పనిచేయకపోతే పూర్తి మత్తు ఇవ్వాల్సి రావచ్చు. మామూలు తేలికపాటి తిండికి ఆరు గంటలు, నూనె పదార్థాలకు, మాంసానికి ఎనిమిది గంటలు, మంచినీళ్లకు రెండు గంటలు ఖాళీ ఉండాలన్నది సాధారణ నియమం. మీ ఆసుపత్రి చెప్పిన టైమే పాటించండి. షుగర్ మాత్ర, ఇన్సులిన్ ఆ ఉదయం వేసుకోవాలో వద్దో అడిగి రాసుకోండి. దెబ్బ తగిలిన చేతి ఉంగరాలు, గాజులు మొదటిరోజే తీసెయ్యండి. వాపు ఎక్కాక కోసి తీయాల్సి వస్తుంది.

6. బల్ల మీద: నోరు విప్పడం మీ డ్యూటీ

సూది వేస్తూ డాక్టరు మీ ఊరేది, పిల్లలెందరు అని మాట్లాడిస్తుంటే అది కాలక్షేపం కాదు. మందును ఒకేసారి గుచ్చెయ్యరు. పిస్టన్ వెనక్కి లాగి రక్తం రావట్లేదని చూస్తారు, మూడు నుంచి అయిదు మిల్లీలీటర్లు వేస్తారు, ఆగుతారు, మిమ్మల్ని గమనిస్తారు, మళ్లీ వేస్తారు. మందు రక్తనాళంలోకి పోతే, లేదా రక్తంలో ఎక్కువైతే, మొదటి కబురు చాలాసార్లు మీ నోటి నుంచే రావాలి. మిషన్ కన్నా ముందు మీకే తెలుస్తుంది.

ఏవి తెలుస్తాయి? నాలుక, పెదాల చుట్టూ తిమ్మిరి. నోట్లో ఇనుము నాకినట్టు రుచి. చెవుల్లో గింగురుమనడం. తల తిరగడం, కళ్లు మసకబారడం, కారణం లేని గాభరా. వీటిలో ఏ ఒక్కటి అనిపించినా, అప్పుడే, ఆ క్షణంలోనే చెప్పాలి. ‘డాక్టరుగారు ఏమనుకుంటారో’ అని ఓర్చుకోవడం మన పెద్దల గొప్ప గుణమే కానీ ఇక్కడ అది పనికిరాదు. దాటిపోతే తర్వాత వచ్చేవి ఫిట్స్, గుండె లయ తప్పడం. ఇవి చాలాసార్లు సూది వేసిన మొదటి నిమిషాల్లోనే వస్తాయి, కొన్నిసార్లు అరగంట దాటాక కూడా రావచ్చు.

హిందీ రాని అమ్మకు ముందురోజు ఇంట్లోనే ఈ మూడు ముక్కలు నేర్పండి: ‘చక్కర్ ఆ రహా హై’, ‘కాన్ బజ్ రహా హై’, ‘జీభ్ సున్న్ హో రహీ హై’. అవీ నోరు తిరక్కపోతే ఒక సైగ అనుకోండి. బాగున్న చేతి వేళ్లు రెండుసార్లు గట్టిగా మూసి తెరిస్తే ‘తేడాగా ఉంది’ అని. ఆ సైగ మత్తు డాక్టరుకూ, సిస్టర్‌కూ ముందే చెప్పి ఉంచండి. తెలుగు తెలిసిన సిస్టర్ ఎవరైనా ఆ షిఫ్టులో ఉన్నారా అని అడగడంలో తప్పేమీ లేదు. భిలాయిలో దొరకడం అంత కష్టం కాదు.

ఇంకో ప్రశ్న కూడా అడగండి, మర్యాదగా: ‘డాక్టరుగారూ, మందు ఎక్కువైతే ఇచ్చే లిపిడ్ ఇక్కడ ఉందా?’ బుపివకైన్ గుండెను ఆపితే మళ్లీ కొట్టించడం ఎంత కష్టమో 1979లో అమెరికాలో ఆల్‌బ్రైట్ అనే వైద్యుడు రాసిన సంపాదకీయంతో లోకానికి గట్టిగా తెలిసింది. 1998లో గై వైన్‌బర్గ్ బృందం ఎలుకల మీద ప్రయోగాల్లో, సెలైన్‌లా ఎక్కించే కొవ్వు ద్రావణం, అంటే ఈ లిపిడ్, ఆ విషాన్ని విరుస్తుందని చూపించింది. 2006లో దానితో మొదటిసారి ఒక మనిషి ప్రాణం దక్కిన సంగతి వైద్య పత్రికలో వచ్చింది. 20 శాతం ద్రావణాన్ని కిలోకు 1.5 మిల్లీలీటర్ల చొప్పున మొదట ఇస్తారు. అంటే 60 కిలోల మనిషికి 90 మిల్లీలీటర్లు. పెద్దాసుపత్రుల్లో ఇది ఉండటం మామూలు. చిన్నచోట అడిగితే కనీసం ఆలోచన రేగుతుంది. ఎవరూ చిన్నబుచ్చుకోరు, మంచి డాక్టరైతే సంతోషిస్తారు.

7. ‘ఇంకొంచెం వెయ్యండి’ అనే ముందు ఆగండి

సూది వేసి పది నిమిషాలైంది, వేళ్లు ఇంకా కదులుతున్నాయి. భయం మొదలు. ఆగండి. లిగ్నోకైన్‌కు పది నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది, బుపివకైన్‌కు ఇరవై నుంచి ముప్ఫై. తొందరపెడితే అవసరం లేని మందు ఒంట్లోకి పోతుంది. గుంజినట్టు, నొక్కినట్టు తెలుస్తూ ఉండటం కూడా సహజమే. నొప్పి తెలియకూడదు, అంతే. గుచ్చినప్పుడు చురుక్కుమంటే మాత్రం చెప్పండి. రక్తం ఆపడానికి పై చేతికి కట్టే పట్టీ కాసేపటికి లాగవచ్చు. చంక వైపు చర్మానికి వేరే నరం సాయం ఉంటుంది కాబట్టి అక్కడ స్పర్శ మిగిలి ఉంటుంది. అది కూడా చెప్పండి, దానికి వేరే ఉపాయాలున్నాయి.

8. ఇంటికి వచ్చిన రాత్రి

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఆపరేషన్ అయింది, నొప్పి లేదు, చెయ్యి కట్టెలా ఉంది. ‘నొప్పి లేదుగా, మాత్ర ఎందుకు?’ అని పక్కన పెడతారు. బుపివకైన్, రోపివకైన్ పని చాలామందిలో ఎనిమిది నుంచి పదహారు గంటలు ఉంటుంది. సాయంత్రం నాలుగింటికి సూది పడితే అర్ధరాత్రి దాటాక, మూడింటికో నాలుగింటికో దిగుతుంది. అప్పుడు నొప్పి నెమ్మదిగా కాదు, ఒక్కసారిగా లేస్తుంది. డాక్టరు రాసిచ్చిన నొప్పి మాత్రను వేళ్లలో తిమ్మిరి తిరుగుతున్నప్పుడే, అంటే మత్తు పూర్తిగా దిగకముందే వెయ్యండి. నిద్రపోయే ముందు ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఆ రాత్రి పక్కన ఎవరో ఒకరు మేలుకుని ఉండేలా వంతులు వేసుకోండి.

మొద్దుబారిన చేతికి కాలినా తెలియదు, నలిగినా తెలియదు. చలికాలంలో ఇక్కడ సిగ్డీ (కుంపటి) చుట్టూ కూర్చునే అలవాటుంది. ఆ చేతిని దాని దగ్గరికి పోనివ్వకండి. వేడినీళ్ల సంచి, టీ గ్లాసు కూడా వద్దు. చెయ్యి స్లింగ్‌లోనే ఉండాలి, నిద్రలో ఒంటి కింద పడకూడదు. స్పర్శ పూర్తిగా వచ్చేదాకా బండి నడపకండి.

ఒక కంటి రెప్ప కాస్త వాలినా, గొంతు బొంగురుపోయినా గాభరా పడకండి. మెడ దగ్గర సూది వేసినప్పుడు అలా అవుతుంది, మత్తుతోపాటే పోతుంది. అయితే ఇవి మాత్రం తెల్లవారేదాకా ఆగకూడనివి: ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో నొప్పి. వేళ్లు చల్లబడటం, నీలంగా మారడం. కట్టు లోపల బిగుతుగా ఉబ్బడం, వేళ్లు చాపితే ఓర్వలేని నొప్పి. ఒక మాట ఇక్కడ గుర్తుంచుకోండి: చెయ్యి మొద్దుబారి ఉన్నప్పుడు బిగుతు నొప్పి తెలియకపోవచ్చు. కాబట్టి గంటగంటకూ గోళ్ల రంగు మీరే చూడాలి. మర్నాటికి కూడా స్పర్శ రావడం మొదలుకాకపోతే డాక్టరుకు ఫోన్ చెయ్యండి.

డిశ్చార్జి అయిన సాయంత్రమే దుర్గ్‌లో రైలెక్కి విశాఖ వైపు వెళ్లిపోదాం, ఊళ్లో అమ్మ చూసుకుంటుంది అనుకునే కుటుంబాలున్నాయి. దయచేసి వద్దు. పైన చెప్పిన ఊపిరి ఇబ్బంది కొన్నిసార్లు గంటలు గడిచాక బయటపడుతుంది. ఒడిశా అడవుల మధ్య రైల్లో ఉండగా అయితే ఎవరిని పిలుస్తారు? కనీసం ఆ రాత్రి ఇక్కడే ఉండి, డాక్టరు సరేనన్నాక టికెట్ తీసుకోండి.

9. ఆ కాగితం జాగ్రత్త

ప్లేటు తీయించాల్సి వస్తే మళ్లీ ఇదే చెయ్యి, మళ్లీ ఇదే సూది. అప్పుడు వేరే డాక్టరు ఉండవచ్చు, వేరే ఊరు కావచ్చు. డిశ్చార్జి ఇచ్చేముందు అడిగి రాయించుకోండి: ఏ మందు, ఎంత శాతం, ఎన్ని మిల్లీలీటర్లు, సూది ఎక్కడ వేశారు. దాని కింద మీ చేత్తో మీరు రాయండి: ఆరోజు కాటా మీద బరువు, మత్తు ఎన్ని గంటలకు దిగింది, నాలుక తిమ్మిరిలాంటివి ఏమైనా వచ్చాయా. ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలోనైనా ఉంచండి. అసలు కాగితాన్ని ఎక్స్‌రే కవర్లోనే పెట్టండి, ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ కవరు ఎలాగూ మీ చేతిలోనే ఉంటుంది.